బీమాలేని బండి: బాధితుని గతి యేమి?

పూనానుండి హైదరాబాదు, విజయవాడల మీదుగా మచిలీపట్టణమునకు పోవు 65వ జాతీయ రహదారిలో పటాన్‌చెరు మొదలు సంగారెడ్డి వరకు గల భాగమును కర్మాగారములలో షిఫ్టు మారు వేళ ఒకమారు చూడవలెను. ముత్తంగి, ఇస్నాపూరు, రుద్రారము, కంది కూడళ్లయందు ముడిసరకు లారీలును, రసాయనముల ట్యాంకర్లును, కంపెనీ బస్సులును ఎడతెగక పోవుచుండును. వాని నడుమనే కాలినడకను, సైకిళ్లమీదను, మోటారుసైకిళ్లమీదను, క్రిక్కిరిసిన ఆటోలలోను వేలకొలది శ్రామికులు పనికి పోవుచుందురు. మెదకు, జహీరాబాదు పల్లెలనుండి వచ్చినవారు కొందరు. బీహారు, ఒడిశా, ఝార్ఖండ్ రాష్ట్రములనుండి వచ్చినవారు మరికొందరు. దేశమునకు మందులను, యంత్రములను చేసియిచ్చు చేతులివి.

2025 జూన్ 30వ తేదీన పాశమైలారమునందలి యొక ఔషధ కర్మాగారములో ప్రేలుడు సంభవించి నలుబదిమందికి పైగా మరణించినపుడు దేశమంతయు ఇటువైపు చూచినది. మంత్రులు వచ్చిరి, పరిహారము ప్రకటింపబడినది. అది యుచితమే. కాని ఆ పాశమైలారమునకు పోవు దారిలోనే ఒక శ్రామికుడు ఒంటరిగా బండిక్రింద పడి మరణించినచో చూచువారెవరు? దేశములో 2022వ సంవత్సరమున రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించినట్లు కేంద్రప్రభుత్వపు లెక్కలే చెప్పుచున్నవి. ఒక్కొక్కరుగా మరణించినందున ఈ మరణములు వార్త కాజాలకున్నవి. అందును ఢీకొట్టిన బండికి బీమా లేకపోయినచో ఆ కుటుంబముయొక్క దుర్గతి చెప్పనలవి కాదు. ఈ విషయమును గూర్చి చట్టమేమి చెప్పుచున్నదో, అది చేతికందుటకు బాధితుడేమి చేయవలయునో, ప్రభుత్వమువారు చేయవలసినదింకను ఏమి మిగిలియున్నదో నేడు మేము విచారింపదలచితిమి.

మోటారు వాహనము నడుపువాడు ఇతరులకు కలుగు హానికై బీమా చేయించియుండవలెనను నియమము మన దేశమునకు క్రొత్తది కాదు. 1939 నాటి మోటారు వాహనముల చట్టములో నిది చేరినది. ఆ భాగము 1946 జులై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. బాధితులు సివిలు కోర్టుల చుట్టు ఏండ్లతరబడి తిరుగనక్కరలేకుండ ప్రత్యేక పరిహార ట్రైబ్యునళ్లను ఏర్పరచుటకు 1956లో సవరణ జరిగినది. ఇప్పుడమలులోనున్న 1988 నాటి చట్టములో 146వ సెక్షను ఈ బీమాను నిర్బంధము చేయుచున్నది. చట్టమిట్లుండగా, రహదారులపై తిరుగు వాహనములలో సగమునకు పైగా బీమా లేనివేయని 2024లో పార్లమెంటు ఆర్థిక స్థాయీ సంఘము తన నివేదికలో తెలిపినది. 2018 సెప్టెంబరు 1వ తేదీనుండి క్రొత్త కార్లకు మూడేండ్లకు, క్రొత్త ద్విచక్ర వాహనములకు ఐదేండ్లకు ఈ బీమాను కొనుగోలునాడే కట్టించవలెనని సుప్రీంకోర్టు నిర్ణయించినది. ఆ గడువు తీరిన పిమ్మట తిరిగి కట్టువారు లేకపోవుటయే ఇప్పటి చిక్కు. ప్రాతబడి, చేతులు మారి, కాగితములెక్కడనున్నవో తెలియని బండ్లు ఈ పారిశ్రామిక ప్రాంతమున ఎన్ని తిరుగుచున్నవో చెప్పవలెనా?

దీని బరువెంతయో ఒక లెక్కవలన తెలిసికొనవచ్చును. నెలకు 15,000 రూపాయల వేతనము గల ముప్పదిరెండేండ్ల శ్రామికుడొకడు మరణించెననుకొందము. అతనిపై ఆధారపడినవారు భార్య, ఇద్దరు బిడ్డలు, తల్లి. సంవత్సరాదాయము 1,80,000 రూపాయలు. సుప్రీంకోర్టు 2017లో ప్రణయ్ సేథీ కేసునందు చెప్పినట్లు, నలుబది యేండ్లలోపువాడును స్థిరోద్యోగము లేనివాడును గనుక, భవిష్యదాదాయము క్రింద నూటికి నలుబది కలుపగా 2,52,000 రూపాయలగును. నలుగురు ఆశ్రితులున్నందున అతని సొంత ఖర్చు క్రింద నాలుగవవంతు తీసివేయగా మిగులునది 1,89,000. 2009 నాటి సరళా వర్మ తీర్పు ప్రకారము ఆ వయస్సునకు గుణకము పదునారు. మొత్తము 30,24,000 రూపాయలు. అంత్యక్రియల ఖర్చును, కుటుంబసాహచర్య నష్టమును దీనికి అదనము. ఇక ఈ మొత్తమును ఇచ్చుకొనవలసిన భారమును బీమా సంస్థపైకి మార్చుటకు 75 మొదలు 150 సి.సి. వరకు గల మోటారుసైకిలు యజమాని సంవత్సరమునకు కట్టవలసిన ప్రీమియము, 2022 జూన్‌లో అమలులోనికి వచ్చిన రేటు ప్రకారము, పన్ను గాక 714 రూపాయలు. ఏడువందల పదునాలుగు రూపాయలు మిగుల్చుకొనినవాడు ముప్పది లక్షల ఋణమును నెత్తిన పెట్టుకొని తిరుగుచున్నాడన్నమాట. తీర్చలేని ఋణము గనుక ఆ నష్టము చివరకు మృతుని బిడ్డల నెత్తిననే పడుచున్నది.

బీమా లేనంతమాత్రమున హక్కు పోదు. ఈ సంగతి మొట్టమొదట బాధితులు గ్రహింపవలెను. "బండికి ఇన్సూరెన్సు లేదు, ఇక కేసు వేసి లాభమేమి?" యని కూడలియందలి పెద్దమనుష్యులు చెప్పగా, పదియో ఇరువదియో వేలకు రాజీపడి తెల్లకాగితముపై వ్రేలిముద్ర వేయు కుటుంబములు కలవు. ఇది తొందరపాటు. చట్టము ప్రకారము నడిపినవాడును, యజమానియు ఇద్దరును బాధ్యులు. పరిహారమును కోరుటకు రెండు మార్గములున్నవి. 166వ సెక్షను క్రింద డ్రైవరు తప్పును నిరూపించి పూర్తి పరిహారము కోరవచ్చును. లేదా, 2022 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన 164వ సెక్షను క్రింద, తప్పెవరిదను విచారణ లేకుండ మరణమునకు ఐదులక్షలు, తీవ్రగాయమునకు రెండున్నర లక్షలు పొందవచ్చును. ఈ రెండవదానిని స్వీకరించినచో మొదటిది పోవును గావున వకీలుతో ఆలోచించి ఎన్నుకొనవలెను.

"ఆ బండి నేనెప్పుడో అమ్మివేసితిని" అని తప్పించుకొనువారు చాలమంది. నోటిమాటగానో, ఇరువది రూపాయల కాగితముమీదనో అమ్మిన బండ్లు నాలుగు చేతులు మారిన పిదప ప్రమాదము చేసినను, రవాణా శాఖ రిజిస్టరులో ఎవరి పేరున్నదో అతడే యజమానియని సుప్రీంకోర్టు 2018లో నవీన్ కుమార్ కేసులో స్పష్టము చేసినది. కావున బాధితుడు బండి సంఖ్యను బట్టి రిజిస్టరైన యజమానిని ప్రతివాదిగా తప్పక చేర్పవలెను. బండి నమ్మువారికిని ఇందొక హెచ్చరిక కలదు: పేరు మార్పించక తాళపుచెవి ఇచ్చివేసినవాడు తన యిల్లువాకిలిని పరుల నడతకు తాకట్టు పెట్టినవాడే యగును.

ఇక సొమ్ము వచ్చు త్రోవ. బీమా సంస్థ లేనిచోట బాధితునకు కంటికి కనబడు ఆస్తి ఒక్కటే: ఢీకొట్టిన ఆ బండి. పోలీసులు దానిని పట్టుకొనిన కొలది దినములకే యజమాని జమానతు కాగితము వ్రాసియిచ్చి తీసికొనిపోవుట, పిదప అమ్మివేయుట చిరకాలముగా జరుగుచు వచ్చినది. 2018 సెప్టెంబరులో ఉషాదేవి కేసులో సుప్రీంకోర్టు దీనికి అడ్డుకట్ట వేసినది. బీమాలేని బండిని, పరిహారమునకు చాలినంత పూచీ ఇచ్చిననేగాని విడువరాదు. మూడు మాసములలో పూచీ ఇయ్యనిచో దానిని వేలము వేసి ఆ సొమ్మును ట్రైబ్యునలుకు జమకట్టవలెను. ఢిల్లీలోనున్న ఈ నియమమును రాష్ట్రములన్నియు చేసికొనవలెను అని ఆదేశించినది. 2022 ఏప్రిల్‌నుండి అమలైన కేంద్ర మోటారు వాహనముల నియమములలోను ఇట్టి బండ్ల విడుదలపై నిషేధము చేరినది. అయినను, ఈ సంగతి తెలియని కుటుంబము ఆసుపత్రిలో కూర్చుండియుండగా బండి ఠాణా ఆవరణనుండి వెళ్లిపోవచ్చును. కావున గాయపడినవారి బంధువులలో నొకరు వెంటనే ఠాణాకు పోయి, బండికి బీమా కలదా లేదా యని అడిగి, లేనిచో విడువరాదని వ్రాతమూలముగా కోరి, మేజిస్ట్రేటు కోర్టులోను ఆ మేరకు ఆక్షేపణ దాఖలు చేయవలెను. మొదటి వారములోని ఈ యొక్క పని తరువాతి ఐదేండ్ల వ్యాజ్యమునకు బలము.

ఆ నియమములే పోలీసులకును గడువులు పెట్టినవి. ప్రమాదము జరిగిన 48 గంటలలో మొదటి నివేదికను, 50 దినములలో మధ్యంతర నివేదికను, 90 దినములలో సమగ్ర నివేదికను ట్రైబ్యునలుకు పంపవలెను. బాధితునకును ప్రతులియ్యవలెను. ఈ నివేదికలలో డ్రైవరు, యజమాని, బీమా వివరములన్నియు నుండును. బాధితులు తమవంతుగా ఎఫ్.ఐ.ఆర్., పంచనామా, ఆసుపత్రి కాగితములు, మందుల రసీదులు, వేతనపు చీట్లు భద్రపరచుకొనవలెను. కాంట్రాక్టరు చేతిక్రింద చీటీ లేకుండ పనిచేయువాడు బ్యాంకు పుస్తకమునో, ప్రావిడెంటు ఫండు సంఖ్యనో, తోటి పనివారి సాక్ష్యమునో చూపవలెను. కాలుచేయి పోయినవారు వైద్యుల వైకల్య పత్రముతోపాటు తమ పని ఎట్టిదో కూడ చెప్పుకొనవలెను. ఒక వ్రేలు పోయిన గుమాస్తాకును, లేతు యంత్రముపై పనిచేయువానికిని నష్టము సమానము కాదు గదా! శరీరమునకు కలిగిన లోపమునుగాక సంపాదనకు కలిగిన లోపమును కొలువవలెనని రాజ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పినది. ఇంటిపని చేసికొను గృహిణి మరణించినను ఆమె శ్రమకు విలువ కట్టవలసినదేయని 2021 జనవరి 5వ తేదీ తీర్పులో మన తెలుగువాడైన న్యాయమూర్తి ఎన్.వి. రమణగారు విపులముగా వ్రాసియున్నారు.

దావాకు గడువు ఆరుమాసములు. 1994లో తొలగింపబడిన ఈ కాలపరిమితి 2019 సవరణచే తిరిగివచ్చి 2022 ఏప్రిల్‌నుండి అమలులోనున్నది. కాలాతీతమనెడి కారణముచే ఇట్టి దరఖాస్తులను కొట్టివేయరాదని 2025 నవంబరులో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తరువు ఇచ్చినను, దానిని నమ్ముకొని కూర్చుండుట వివేకము కాదు. దావా ఎక్కడ వేయవలెనను విషయమునను చట్టము బాధితునిపై దయ చూపినది. ప్రమాదము జరిగిన చోటనేగాక తాము నివసించు చోటను వేయవచ్చును. ఇస్నాపూరులో కొడుకును పోగొట్టుకొనిన ఒడిశా తల్లి తన జిల్లాయందలి ట్రైబ్యునలులోనే దావా వేయవచ్చును. వాయిదా వాయిదాకు సంగారెడ్డి రానక్కరలేదు. వకీలు ఫీజుకు సొమ్ము లేదను చింతయు వలదు. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టము ప్రకారము స్త్రీలకును, షెడ్యూల్డు కులములు, తెగలవారికిని, వికలాంగులకును, పారిశ్రామిక కార్మికులకును ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచిత న్యాయసహాయము లభించును. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు ఒక దరఖాస్తు చాలును.

తీర్పు వచ్చుట వేరు, సొమ్ము వచ్చుట వేరు. దేవుడు వరమిచ్చినను పూజారి వరమీయడను సామెత ఇచ్చట అక్షరాల నిజము. తీర్పు చెప్పిన ముప్పది దినములలో సొమ్ము కట్టవలెనని చట్టమున్నను బీమాలేని యజమాని కట్టునా? కట్టనిచో 174వ సెక్షను క్రింద ట్రైబ్యునలు కలెక్టరుకు సర్టిఫికేటు పంపవచ్చును; కలెక్టరు దానిని భూమిశిస్తు బకాయివలె వసూలు చేయవలెను. 2019 సవరణచే ట్రైబ్యునలుకు సివిలు డిక్రీ అమలుచేయు అధికారములన్నియు కలిగినవి. ఆస్తి జప్తు, వేలము, బ్యాంకు ఖాతా జప్తు, ఇవన్నియు సాధ్యమే. దావా నడుచుచుండగనే యజమాని ఆస్తిని భార్యపేరనో బావమరిదిపేరనో మార్చివేయుటకు పూనుకొనినచో, తీర్పునకు ముందే జప్తు కోరవచ్చును. అందులకై యజమాని భూమి, ఇల్లు, ఇతర వాహనముల వివరములను బాధితుడు మొదటనే సేకరించి పెట్టుకొనవలెను. ఇంత చేసినను, ప్రాత మోటారుసైకిలు తప్ప వేరాస్తి లేని దినకూలీ యజమానియైనచో చట్టము చేయగలిగినదేమి? ఉన్నవానినుండి రాబట్టు మార్గములేగాని లేనివానినుండి రాబట్టు మార్గము ఏ చట్టమునను లేదు.

బీమా యున్నదో లేదో అంత తేలికగా తేలని సందర్భములును కలవు. డ్రైవరుకు తగిన లైసెన్సు లేదను మొదలగు సాకులతో బీమా సంస్థ తప్పుకొనజూచినపుడు, ముందు బాధితునకు చెల్లించి పిదప యజమానినుండి రాబట్టుకొనుమని ట్రైబ్యునలు ఆదేశింపవచ్చునని 2004లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పినది. అయితే సరకు లారీపైనో డి.సి.ఎం. వ్యానులోనో ఊరక ఎక్కి ప్రయాణించువారికి బీమా వర్తింపదని ఆశారాణి కేసులో తేలినది. కనీసపు బీమా మాత్రమే గల మోటారుసైకిలుపై వెనుక కూర్చుండినవానికిని ఇదే గతి. సాయంకాలమున లారీ ఎక్కి ఇంటికి పోవు కూలీలకు ఈ మాట ఎవరైనను చెప్పినారా? వారి విషయమున కాగితముపై బీమా యుండియు లేనిదే.

శ్రామికులకు మరియొక ఆధారము కలదు. దానిని పెక్కుమంది మరచుచున్నారు. 1948 నాటి ఇ.ఎస్.ఐ. చట్టమునకు 2010లో చేసిన సవరణ మొదలుకొని ఇంటినుండి పనికిని, పనినుండి ఇంటికిని పోవుచుండగా జరిగిన ప్రమాదము, పనితో దానికి సంబంధము చూపగలిగినచో, పనిలో జరిగిన గాయముగనే ఎన్నబడును. మరణించినచో ఆశ్రితులకు నెలనెల భృతి, వైకల్యము కలిగినచో దానికి తగిన భృతి లభించును. ఢీకొట్టినవాడు పరుడైనచో అతనిపై ట్రైబ్యునలులో దావా వేయు హక్కు దీనివలన పోదు. ఇ.ఎస్.ఐ. లేనివారికి అప్పుడమలులోనున్న 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టము క్రిందను ఇట్టి ప్రయాణ ప్రమాదములు వచ్చునని సుప్రీంకోర్టు 2025 జులైలో తీర్పు చెప్పినది. కాని ఉద్యోగుల పరిహారమును, మోటారు వాహనముల చట్టము క్రింది పరిహారమును రెండును పొందరాదు; ఒకదానినే ఎన్నుకొనవలెను. బీమాలేని పేద యజమానికంటె పనియిచ్చిన యజమానియే చెల్లింపగలవాడైనచో ఎన్నిక సులభమే.

ఇక ప్రభుత్వమువారి కర్తవ్యము. గుర్తు తెలియని బండి ఢీకొట్టి పారిపోయినచో మృతుని కుటుంబమునకు రెండు లక్షలు, తీవ్రముగా గాయపడినవారికి ఏబదివేలు ఇచ్చు పథకము 2022 ఏప్రిల్‌నుండి కలదు. తహసీల్దారు లేక రెవెన్యూ డివిజను అధికారికి దరఖాస్తు పెట్టినచో విచారణ జరుగును. 2025 మే నెలనుండి ప్రమాద బాధితులకు ఏడు దినములవరకు ఒకటిన్నర లక్ష రూపాయలదాక నగదు లేని చికిత్స పథకమును వచ్చినది. బీమాలేని బండి బాధితులకును అది వర్తించును. ఇవి మెచ్చదగినవి. అయితే ఇందొక విపరీతము చూడుడు. ఢీకొట్టినవాడు దొరకకపోయినచో నిధినుండి కుటుంబమునకు రెండు లక్షలు వచ్చును. నిజాయితీగల సాక్షులు బండి సంఖ్య చెప్పి, పోలీసులు వానిని పట్టుకొని, బండికి బీమా లేదని తేలినచో ఆ రెండు లక్షలును రావు! నేరస్థుడు దొరకుట బాధితునకు నష్టమైన వింత ధర్మమిది.

ఇంగ్లండులో ఈ చిక్కును 1946లోనే తీర్చుకొనిరి. బీమా సంస్థలన్నియు కలిసి మోటారు ఇన్సూరర్స్ బ్యూరోను నెలకొల్పి, బీమాలేని బండి బాధితునకు దానినుండి చెల్లించి, పిదప తప్పుచేసినవానినుండి రాబట్టుకొనుచున్నవి. దాని భారము బీమా కట్టువారందరి ప్రీమియముపై కొద్దికొద్దిగా పడును. నిర్బంధ బీమా మన దేశమున అమలైనదియు ఆ 1946లోనే. వారు రెండవ మెట్టు కూడ ఎక్కిరి. మనము ఎనుబదేండ్లుగ మొదటి మెట్టుమీదనే నిలిచియున్నాము. చట్టములో 164-బి సెక్షను క్రింద మోటారు వాహన ప్రమాద నిధి ఇప్పటికే ఏర్పడియున్నది. ఇతరులకును పరిహారమిచ్చుటకు నియమములు చేయు అధికారమును ఆ సెక్షనులోనే కలదు. బీమాలేని బండి బాధితునకు ఈ నిధినుండి ముందు చెల్లించి, యజమానినుండి వసూలు చేసికొను శ్రమను ప్రభుత్వమే వహింపవలెనని మా దృఢమైన అభిప్రాయము. కలెక్టరు చేతికి అందని బాకీ వితంతువు చేతికి అందునా?

కర్మాగారముల యజమానులకును ఒక మాట. గేటు దాటి లోనికి వచ్చు ప్రతి లారీకిని సరకు బిల్లు చూచుచున్నారు. అపుడే బీమా కాగితమును చూచుటకు ఎంతసేపు పట్టును? ఉద్యోగుల మోటారుసైకిళ్లకును, కాంట్రాక్టరుల వ్యానులకును ఈ నియమము పెట్టినచో ఈ ప్రాంతమున బీమాలేని బండ్లు సగము తగ్గునని మా నమ్మిక. బీమా లేక బండి నడిపినందుకు మొదటిమారు జరిమానా రెండువేలు. మూడుమాసములవరకు శిక్షయు పడవచ్చును. కాని జరిమానాకు జడిసి కట్టుటకంటె, తన బండిక్రింద పడువాని బిడ్డలను తలచుకొని కట్టుట మనుష్యధర్మము. చేతులు కాలిన పిమ్మట ఆకులు పట్టుకొని లాభము లేదు.

షిఫ్టు ముగించుకొని చీకటిలో రహదారి దాటు శ్రామికునకు ఎదురుగా వచ్చు బండి కాగితములు కనబడవు. ఆ కాగితములు సరిగానుండునట్లు చూచుట ప్రభుత్వపు విధి. లేనపుడు ఆ లోటు పూడ్చుటయు ప్రభుత్వపు విధియే. ఈ రెండవ విధి నెరవేరునంతవరకు బాధితులు మొదటి వారముననే ఠాణాకును, ఆరుమాసములలోపల ట్రైబ్యునలుకును తప్పక పోవలెనని, తోటివారు వారికి చేయూతనియ్యవలెనని మేము కోరుచున్నాము.